పుట్టిన ఊరికి తిరుగు ప్రయాణం

ఉద్దేశం: చలనచిత్రాన్ని కూడా కావ్యాన్ని చదివినంత శ్రద్ధగా పరిశీలించవచ్చునని తెలియజేయడం, స్వగ్రామానికి తిరిగిరావడం అనే ఇతివృత్తంలోని ఆంతర్యాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

బతుకుతెరువు కోసమో, చదువు కోసమో మనిషి పుట్టిన ఊరిని విడిచిపోవడం అనాదిగా ఉన్నదే. కోస్తా జిల్లాల నుండి ఓడలెక్కి బర్మా వెళ్లినవారు రంగూను నగరాన్ని ‘రంగం’ అని పిలుచుకొన్నారు. పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు గల్ఫ్ దేశాలకు, మరెందరో అమెరికాకు తరలివెళ్లారు. ఇలా వెళ్లిన ప్రతి ఒక్కరి మనస్సులోనూ ఒక ఊరు నిలిచి ఉంటుంది. ఆ ఊరిలో చెరువు ఎండదు. రచ్చబండ దగ్గరి వేపచెట్టు కూలదు. కథలు చెప్పిన అవ్వ ఎన్నటికీ మరణించదు.

అయితే తిరిగి వచ్చిన నాడు ఆ మనిషికి రెండు ఊళ్లు ఎదురవుతాయి. ఒకటి తాను మనస్సులో మోసుకువచ్చిన ఊరు. రెండవది తాను లేకపోయినా తన దారిన తాను సాగిపోయిన ఊరు. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు పుట్టే చిక్కులు చూసేవారికి నవ్వు తెప్పిస్తాయి. అనుభవించేవారికి బాధ కలిగిస్తాయి. ఆ నవ్వునూ, బాధనూ ఒకే కథలో ఇమిడ్చిన చిత్రాలలో 1952లో విడుదలైన ‘ది క్వయట్ మ్యాన్’ ఒకటి. ‘నెమ్మదైన మనిషి’ అని ఆ పేరుకు అర్థం. ఐర్లండు దేశపు పల్లెటూరిలో జరిగే ఈ ప్రణయకథను జాన్ ఫోర్డ్ అనే అమెరికన్ దర్శకుడు తెరకెక్కించారు.

చిత్రం వెనుక చరిత్ర

ఐర్లండు యూరపు ఖండానికి పశ్చిమాన ఉన్న ద్వీపం. అక్కడి పేదల ముఖ్యాహారం బంగాళాదుంప. 1845లో ఆ పైరుకు తెగులు సోకడంతో ప్రారంభమైన మహాక్షామంలో సుమారు 10 లక్షల మంది మరణించారు. ఇంచుమించు అంతమందే దేశాంతరం పోయారు. క్షామం ముగిసిన తరువాత కూడా వలస ఆగలేదు. 1841లో 80 లక్షలు దాటిన ఆ ద్వీప జనాభా అటుపిమ్మట దశాబ్దాల తరబడి తగ్గుతూనే వచ్చింది. అమెరికాకు ఓడ ఎక్కేవారు మళ్లీ రారన్న నిశ్చయంతో, ప్రయాణానికి ముందురోజు రాత్రి బంధుమిత్రులు వారి ఇంట్లో జాగరణ చేసేవారు. మరణించినవారి దగ్గర చేసే జాగరణ అది; దానిని బతికి ఉన్నవారికే చేశారంటే ఆ ఎడబాటు ఎంతటిదో ఊహించవచ్చు.

జాన్ ఫోర్డ్ తల్లిదండ్రులు పశ్చిమ ఐర్లండు నుండి అలా వలస వెళ్లినవారే. ఫోర్డ్ 1894లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జన్మించారు. అమెరికా పశ్చిమ ప్రాంతపు వీరగాథలను చిత్రాలుగా మలచి ప్రసిద్ధి పొందినప్పటికీ, తల్లిదండ్రుల నేల మీది మమకారం ఆయనను విడవలేదు. మారిస్ వాల్ష్ అనే ఐరిష్ రచయిత 1933లో ఒక అమెరికన్ పత్రికలో ప్రచురించిన కథానిక ఆయనను ఆకర్షించింది. 1936లో కేవలం 10 డాలర్లు చెల్లించి ఆ కథను చిత్రంగా తీసే అవకాశాన్ని తన పేర రాయించుకొన్నారు. కాని ఈ కథకు లాభం రాదని భావించి పెద్ద నిర్మాణ సంస్థలేవీ ముందుకు రాలేదు. చివరకు రిపబ్లిక్ పిక్చర్స్ సంస్థ ఒక షరతుతో అంగీకరించింది. అదే నాయికా నాయకులతో ముందుగా డబ్బు తెచ్చిపెట్టే చిత్రం ఒకటి తీయాలన్నదే ఆ షరతు. ఆ విధంగా 1950లో ‘రియో గ్రాండే’ వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1951లో, ఐర్లండులోని మేయో జిల్లాకు చెందిన కాంగ్ గ్రామ పరిసరాలలో ఫోర్డ్ తన చిరకాల వాంఛితాన్ని చిత్రీకరించారు.

పదిహేనేళ్ల నిరీక్షణ వృథా కాలేదు. ఉత్తమ దర్శకత్వానికి ఫోర్డ్‌కు నాలుగవ ఆస్కార్ పురస్కారం లభించింది. ఆ విభాగంలో నాలుగుసార్లు గెలుపొందినవారు మరొకరు లేరు. పచ్చిక బయళ్లనూ, మబ్బు పట్టిన ఆకాశాన్నీ రంగులలో బంధించిన విన్‌టన్ హాక్, ఆర్చీ స్టౌట్‌లకు ఛాయాగ్రహణ పురస్కారం దక్కింది.

కథాసంగ్రహం

కాసిల్‌టౌన్ అనే చిన్న రైల్వే స్టేషనులో ఒక పొడగరి రైలు దిగుతాడు. ఇనిస్‌ఫ్రీ గ్రామానికి దారి ఏదని అడుగుతాడు. స్టేషనులోని వారందరూ చుట్టూ చేరి తలా ఒక మాట చెబుతూ, తమలో తాము వాదించుకొంటారే తప్ప దారి మాత్రం చెప్పరు. ఇంతలో మైకలీన్ అనే పొట్టి బండివాడు నోరు మెదపకుండా ఆ ప్రయాణికుని సామాను అందుకొని బండి వైపు నడుస్తాడు. ప్రయాణికుడు అతని వెంట వెళతాడు. కథ ప్రారంభమయ్యే తీరు ఇది.

ఆ వచ్చినవాడు షాన్ థార్న్‌టన్. ఇనిస్‌ఫ్రీలోని ఒక కుటీరంలో పుట్టి, పసితనంలోనే అమెరికాకు తరలిపోయి, పిట్స్‌బర్గ్ నగరపు ఉక్కు కర్మాగారాలలో పనిచేసి పెరిగినవాడు. దారిలో ఒక చిన్న వంతెన మీద బండి ఆపించి దూరాన కనిపించే కుటీరాన్ని చూస్తాడు. కన్నతల్లి చెప్పిన మాటలు అతని చెవులలో మ్రోగుతాయి. ఇకమీదట అదే తన ఇల్లు అని నిశ్చయించుకొంటాడు.

ఆ కుటీరం అప్పటికి టిల్లేన్ అనే ధనిక వితంతువు అధీనంలో ఉంది. పక్క పొలం యజమాని విల్ డానహర్ ఎంతోకాలంగా దాని మీద కన్ను వేసి ఉన్నాడు. షాన్ అధిక ధర చెల్లించి కుటీరాన్ని కొనడంతో విల్ అతనికి బద్ధశత్రువవుతాడు. విధివిలాసమేమంటే, ఊరిలో అడుగుపెట్టిన రోజునే గొఱ్ఱెలను తోలుకొంటూ కనిపించి షాన్ మనస్సు దోచుకొన్న ఎఱ్ఱజుట్టు యువతి మేరీ కేట్ ఆ విల్‌కు స్వయానా చెల్లెలు.

అమెరికాలో పెరిగిన షాన్‌కు ప్రేమ ఇద్దరు మనుషులకు సంబంధించిన విషయం. ఇనిస్‌ఫ్రీలో అది ఊరందరికీ సంబంధించిన విషయం. పెళ్లిళ్ల పేరయ్యగా మైకలీన్ రాయబారం నడపాలి; అన్న అంగీకరించాలి; పెద్దల కనుసన్నలలోనే వధూవరులు మాట్లాడుకోవాలి. విల్ ససేమిరా అంటాడు. అప్పుడు ఊరి పెద్దలు ఒక పన్నాగం పన్నుతారు. ఇంట్లో మరొక ఆడది ఉన్నంతకాలం టిల్లేన్ ఆ ఇంటికి కోడలిగా రాదని విల్‌ను నమ్మిస్తారు. ఆశపడిన విల్ చెల్లెలి వివాహానికి ఒప్పుకొంటాడు. పెళ్లివిందులో అసలు సంగతి బయటపడుతుంది. అవమానంతో మండిపడిన విల్ చెల్లెలికి ఇవ్వవలసిన సొమ్మును ఇవ్వనని నిరాకరించి, షాన్‌ను నేలకూలుస్తాడు. షాన్ తిరిగి చెయ్యి ఎత్తడు.

ఇక్కడి నుండి కథ గంభీరమవుతుంది. ఆ సొమ్ము రాబట్టితే తప్ప తాను సంపూర్ణంగా ఇల్లాలిని కాలేనంటుంది మేరీ కేట్. డబ్బు తనకు అవసరం లేదంటాడు షాన్. భర్త పిరికివాడని భావించి ఆమె ఒకనాటి ఉదయం రైలెక్కి వెళ్లిపోవడానికి సిద్ధపడుతుంది. షాన్ ఆమెను రైలు నుండి దింపి, ఊరంతా వెంట రాగా, మైళ్ల దూరం నడిపించుకొనిపోయి అన్న ముందు నిలబెడతాడు. విల్ గత్యంతరం లేక నోట్లను విసరివేస్తాడు. అప్పుడు మేరీ కేట్ అక్కడ ఉన్న నూర్పిడి యంత్రపు కొలిమి తలుపు తానే తెరుస్తుంది. షాన్ ఆ సొమ్మును నిప్పులలో పడవేస్తాడు. రాత్రి భోజనం సిద్ధం చేసి ఉంచుతానని చెప్పి ఆమె తల ఎత్తుకొని ఇంటికి వెళ్లిపోతుంది. అనంతరం బావ, బావమరది పొలాల వెంట, వాగుల వెంట సాగించిన ముష్టియుద్ధం మద్యశాలలో కొంత విశ్రాంతి తీసుకొని, చివరకు స్నేహంగా ముగుస్తుంది. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకొని భోజనానికి వస్తారు.

హాస్యం ఎక్కడిది?

శృంగారం నుండి హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రంలో భరతముని వివరించాడు. ఈ చిత్రం దానికి చక్కని ఉదాహరణ. ఇందులోని హాస్యం మాటల గారడి కాదు. మనుషుల స్వభావాల నుండి సహజంగా ఉబికివచ్చేది. మైకలీన్ మన సంస్కృత నాటకాలలోని విదూషకునికి దూరపు చుట్టం వంటివాడు. విదూషకునికి భోజనం మీద ఎంత ప్రీతియో ఇతనికి మద్యం మీద అంత ప్రీతి. అతని గుఱ్ఱం కూడా యజమాని అలవాటు ఎరిగి, మద్యశాల ముందు తనంత తానే ఆగిపోతుంది. అయినా నాయకుని మేలు కోరేవాడు, నాయికా నాయకులను కలిపేవాడు ఇతడే.

ఊరు మొత్తం ఒక పాత్రగా వ్యవహరించడం మరొక విశేషం. కాథలిక్ గురువు ఫాదర్ లోనర్గన్, ప్రొటెస్టెంటు గురువు ప్లేఫేర్ కలిసి పెళ్లి కోసం పన్నాగం పన్నుతారు. చిత్రం చివర ప్లేఫేర్‌ను బదిలీ చేస్తారేమోనన్న సందేహం కలుగుతుంది. ఆయన సంఘంలో ఉన్నది గుప్పెడు మందే. అందువల్ల బిషప్ వచ్చిన రోజున కాథలిక్ గ్రామస్థులందరూ దారి పక్కన నిలిచి, తాము కూడా ఆ సంఘంవారే అన్నట్లు జేజేలు పలుకుతారు. లోనర్గన్ తన మెడపట్టీ కనిపించకుండా కప్పుకొని వారిలో కలిసిపోతాడు. మతభేదాల వల్ల ఎంతో బాధపడిన దేశంలో ఈ సన్నివేశం నవ్విస్తూనే హృదయాన్ని తాకుతుంది.

కట్నమా? అరణమా?

ఈ చిత్రాన్ని మనవారు చూసినప్పుడు ఒక అపార్థానికి తావుంది. నాయిక కట్నం కోసం పట్టుబట్టడమేమిటి, నాయకుడు వద్దనడం ఆదర్శమే కదా అని తోచవచ్చు. కట్నం వల్ల మన సమాజంలో ఎన్ని అనర్థాలు జరిగాయో అందరికీ తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దానిని ఇవ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ కూడా నేరంగా నిర్ణయించింది. మేరీ కేట్ అడుగుతున్నది అటువంటి సొమ్మేనా?

కాదు. ఆనాటి ఐరిష్ పల్లెలలో వధువు వెంట వచ్చే సొమ్ము సాధారణంగా భర్త కుటుంబానికి చేరేది. కాని మేరీ కేట్ దానిని తన సొంతమని భావిస్తుంది. తల్లి నుండి సంక్రమించిన బల్లలు, కుర్చీలు, పాత్రలు, ఒక వాద్యం, వాటితో పాటు తన పేర దాచిన సొమ్ము, ఇవన్నీ ఆమెవి. ఏళ్ల తరబడి అన్న ఇంట్లో వండి వడ్డించి, ఊడ్చి తుడిచిన ఆమె, చేతులు ఊపుకొంటూ మరొక ఇంటికి వెళితే అక్కడా పనిమనిషిగానే మిగిలిపోతానని భయపడుతుంది. తన వస్తువులు తన చుట్టూ ఉన్నప్పుడే ఆ ఇల్లు తనదవుతుందని ఆమె వాదన.

మన సంప్రదాయంలో దీనికి సరిపోయే మాటలు ఉన్నాయి. ధర్మశాస్త్రాలు దీనిని స్త్రీధనం అన్నాయి. తెలుగు కవులు అరణం అన్నారు. మహాభారతం ఆదిపర్వంలో సుభద్రార్జునుల వివాహానంతరం యాదవులు ఇంద్రప్రస్థానికి తీసుకొనివచ్చినది అరణమే. ‘పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం’ అని పల్లెలలో నేటికీ అనే మాటలోని భావం ఇదే. వరుడు అడిగి పుచ్చుకొనే కట్నం వధువుకు వెల కడుతుంది. పుట్టింటివారు ఆమెకే ఇచ్చే అరణం ఆమెకు విలువ ఇస్తుంది. మేరీ కేట్ పోరాటం ఈ విలువ కోసమే. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు కూడా సమాన వాటా ఉండాలన్న సూత్రాన్ని ఆంధ్రప్రదేశ్ 1980లలో, దేశం మొత్తం 2005లో చట్టంగా అంగీకరించాయని గుర్తుంచుకొంటే ఆమె ప్రశ్న ఎంత న్యాయమైనదో బోధపడుతుంది.

సొమ్ము చేతికి అందిన వెంటనే దానిని కాల్చివేయడానికి ఆమె ఎందుకు సహకరించింది? ఆమెకు కావలసినది డబ్బు కాదు. అది తనదన్న అంగీకారం. తనదైన తరువాత దానిని ఉంచుకోవడమో, అగ్నికి అర్పించడమో తన ఇష్టం. కొలిమి తలుపు తెరిచింది ఆమె చేయి కావడంలోని ఔచిత్యం ఇదే.

మౌనం వెనుక మనిషి

షాన్ ఎందుకు తిరగబడడు? ఊరు అతనిని పిరికివాడనుకొంటుంది. కాని అతడు అమెరికాలో పేరుమోసిన ముష్టియోధుడు. ఒక పోటీలో అతని దెబ్బకు ప్రత్యర్థి మరణించాడు. ధనం కోసం కొట్టిన దెబ్బ ఒక ప్రాణాన్ని బలిగొన్నదన్న పశ్చాత్తాపంతోనే అతడు ఉన్న ఊరిని వదలి కన్న ఊరికి వచ్చాడు. డబ్బు కోసం మళ్లీ చెయ్యి ఎత్తకూడదన్నది అతని వ్రతం. ఈ సంగతి ప్లేఫేర్‌కు తప్ప ఊరిలో ఎవరికీ తెలియదు. భార్యకు సైతం చెప్పడు.

భార్యాభర్తలిద్దరూ సొమ్మును గురించే మాట్లాడుతున్నారు; కాని ఇద్దరి మనస్సులలోనూ ఆ మాటకు అర్థం వేరు. అతనికి అది నెత్తురు అంటిన వస్తువు. ఆమెకు అది తన గౌరవచిహ్నం. ఎదుటివారి అర్థాన్ని తెలుసుకొనే ప్రయత్నం ఇద్దరూ చేయరు. ఒకే భాష మాట్లాడుకొంటూ ఒకరికొకరు అర్థంకాకపోవడంలోని వేదనయే ఈ హాస్యచిత్రానికి ప్రాణం.

గులాబీల ఘట్టం ఈ సందర్భంలో స్మరించదగినది. షాన్ కుటీరానికి వెల్ల వేసి, తలుపులకు పచ్చరంగు పూసి, పెరటిలో గులాబీలు నాటుతాడు. ఐరిష్ కుటీరాలు ఎలా ఉండాలో ఇది అలా ఉన్నదనీ, నిజానికి అవి ఇలా ఉండడం అరుదనీ, ఇంతటి పచ్చరంగు అమెరికావాడికే తోస్తుందనీ ప్లేఫేర్ సతీమణి చమత్కరిస్తుంది. మేరీ కేట్‌కు కావలసినవి గులాబీలు కావు, బంగాళాదుంపలు, క్యాబేజీలు. అతడు జ్ఞాపకానికి నీళ్లు పోస్తున్నాడు. ఆమె రేపటి కూరను గురించి ఆలోచిస్తున్నది.

విమర్శ దృష్టి

ఉత్తమ రచనను ప్రేమించడమంటే దాని లోపాలకు కళ్లు మూసుకోవడం కాదు. షాన్ భార్యను పొలాల మీదుగా ఈడ్చుకొనిపోయే సన్నివేశాన్ని చిత్రం హాస్యంగా చూపుతుంది. ఆమెను కొట్టడానికి మంచి కర్ర ఇది అని ఒక గ్రామీణ స్త్రీ స్వయంగా అందిస్తుంది. ఊరు నవ్వుతుంది. నేటి పాఠకుడు నవ్వకూడదు. భర్త బలప్రయోగాన్ని ప్రేమగా చిత్రించడం ఆ కాలపు దృష్టిదోషం. ఆమె కోరిక న్యాయమైనదైనప్పుడు దానిని తీర్చడానికి ఆమెను అవమానించవలసిన పని లేదు.

రెండవ లోపం గ్రామచిత్రణకు సంబంధించినది. ఇనిస్‌ఫ్రీలో ఆకలి లేదు, అప్పులు లేవు, ఊరు విడిచి వెళ్లేవారూ కనిపించరు. వాస్తవం వేరు. చిత్రం విడుదలైన ఆ దశాబ్దంలోనే సుమారు 4 లక్షల మంది ఐర్లండును విడిచి వెళ్లారు. 1961లో ఆ గణతంత్ర దేశ జనాభా 28 లక్షలకు పడిపోయింది. తెరమీది రైలు ప్రవాసిని ఊరికి తెచ్చింది. నిజమైన రైళ్లు ఊరివారిని ఓడరేవులకు చేర్చాయి. కాబట్టి ఇనిస్‌ఫ్రీ వాస్తవ గ్రామం కంటే ప్రవాసి కన్న కలగానే కనిపిస్తుంది. అది కల అని చిత్రానికి కూడా కొంత తెలుసునని పచ్చరంగు తలుపుల మీది పరిహాసమే చెబుతుంది.

ముగింపు

చివరి దృశ్యంలో మేరీ కేట్ భర్త చెవిలో ఏదో చెబుతుంది. అతడు ఆశ్చర్యపోతాడు. ఆమె అతని చేతిలోని కర్రను తీసి అవతల పారవేసి ఇంటి వైపు సాగుతుంది. అతడు ఆమెను అనుసరిస్తాడు. ఆ మాట ఏమిటో ప్రేక్షకులకు వినిపించదు. మేరీ కేట్ పాత్ర ధరించిన మోరీన్ ఓహారా 2015లో మరణించే వరకు దానిని వెల్లడించలేదు. దాంపత్యంలో ఊరికి చెందని మాట ఒకటైనా ఉండాలని దర్శకుడు భావించి ఉండవచ్చు.

షాన్ కుటీరాన్ని ఒక్క పూటలో కొన్నాడు. కాని ఆ ఊరివాడు కావడానికి అతనికి చాలాకాలం పట్టింది. తన గాయాన్ని దాచుకొన్నంతకాలం, భార్య మాటలోని అర్థాన్ని తోసిపుచ్చినంతకాలం, అతడు పుట్టిన ఊరిలోనే పరాయివాడు. ఆ అర్థం గ్రహించిన నాడే అతనికి ఇల్లు, ఇల్లాలు, ఊరు దక్కాయి. భూమిని పత్రం మీద రాయించుకోవచ్చు. బంధుత్వాన్ని అలా రాయించుకోవడం సాధ్యం కాదు. చదువుల కోసం, ఉద్యోగాల కోసం రేపు మీరు కూడా ఊళ్లు దాటి వెళతారు. ఏదో ఒకనాడు తిరిగి వస్తారు. వచ్చిన రోజున మీ జ్ఞాపకంలోని ఊరిని మాత్రమే వెతకకండి. అక్కడ ఉండిపోయినవారు ఏ మాటను ఏ అర్థంతో పలుకుతున్నారో ఓపికతో వినండి. ఊరు చేరడం రైలు దిగడంతో పూర్తికాదు. ఆ వినడంతోనే మొదలవుతుంది.